వంటింట్లో పుస్తకానికి పీట

నలభై ఏళ్ళకు పైగా చెక్కపని చేశాను. ప్రొద్దుటూరులో లారీ తొట్లు కట్టాను, జమ్మలమడుగులో తలుపులు నిలబెట్టాను, పులివెందులలో పెళ్ళి మంచాలు చేశాను. ఈ మధ్యే ఉలి పక్కన పెట్టాను. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు "నీ అనుభవం చెప్పు తాతా" అంటారు. చెప్పడం మొదలుపెడితే ఫోన్ తీసి చూసుకుంటారు. అందుకని రాస్తున్నాను. అక్షరాలు నాకు నలభై ఆరో ఏట వచ్చాయి. రాత నెమ్మదిగా నడుస్తుంది. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, నాకేం కోపం లేదు.

బాగా కుదిరిన పనుల గురించి చెప్పను. కుదిరిన పని ఏమీ నేర్పదు. జానెడున్నర వెడల్పున్న ఒక చిన్న పీట గురించి చెబుతాను. వంట చేస్తూ పుస్తకం చూసుకోవడానికి చేసిన రంగుల పీట అది. నేను చేసిన తప్పుల్లో దాని మీద చేసినంత తప్పు ఇంకోటి లేదు.

మేస్త్రి

మొదట మా మేస్త్రి సంగతి చెప్పాలి. లారీల షెడ్డులో నన్ను పనిలో పెట్టుకున్న ఓబులేసు మేస్త్రి చెయ్యి గొప్పది. కన్ను మూసుకుని చిత్రిక పడితే చెక్క అద్దంలా వచ్చేది. అయితే మనిషిగా నేర్పేవాడు కాదు. ఏదైనా అడిగితే బాడిశ పిడి వీపు మీద పడేది.

"ఇట్ల యాల చెయ్యల్ల మేస్త్రీ?" అని, ఎందుకో తెలుసుకుందామని, ఒక్కసారి అడిగాను.

"నోరు పనిచేస్తే చెయ్యి పనిచెయ్యదు. గమ్ముగా కొయ్యి!" అన్నాడు.

గమ్మున కోశాను. ఇరవై ఏళ్ళు గమ్మునే కోశాను. ఆయన పోయినప్పుడు ఏడ్చాను కూడా. ఇప్పుడు మాత్రం ఒక మాట చెబుతాను. ఆయన దగ్గర నేర్చుకున్న పని అంతా మంచిది, నేర్చుకున్న అలవాటు చెడ్డది. అడగకూడదనే అలవాటు. చేయించుకునేవాళ్ళను కూడా అడిగేవాణ్ణి కాదు. కొలత తీసుకుని పోయేవాణ్ణి.

తలకిందుల పలక

ఆ షెడ్డులోనే రంగులు వేసేవాడు ఖాదర్. లారీ వెనక పలకల మీద పూలు, చిలకలు, పేర్లు, అన్నీ వాడివే. పలకకు ముందుగా రంగు వేసి రాసి ఆరబెట్టేవాడు, ఆరాక నేను బిగించేవాణ్ణి. ఒకరోజు రాత మాత్రమే ఉన్న పలక వచ్చింది. పూవు ఉంటే ఏది పైనో తెలిసేది. రాత చూస్తే నాకు ఏమీ తెలియదు. ఆరు బోల్టులు గట్టిగా బిగించి పంపించాను. లారీ దువ్వూరు దాకా పోయి తిరిగొచ్చింది. డ్రైవరు దిగీదిగక ముందే అరిచాడు.

"ఎవడప్పా బిగించింది? దువ్వూరులో జనం తల కిందికేసి చదువుతాండారు నా బండిని!"

షెడ్డంతా నవ్వింది. ఖాదర్ మాత్రం నవ్వలేదు. సాయంత్రం పని అయ్యాక కడప బండ మీద సుద్దముక్కతో ఒక గుండ్రం గీసి, "ఆచారీ, రోజుకొక అచ్చరం. బోల్టు బిగించినంత సేపు పట్టదు" అన్నాడు.

వాడు రాసే పద్ధతి వేరు. ముందు వరుసంతా అక్షరాల ఒళ్ళు, అంటే తలకట్టు లేని గుండ్రాలు, రాసుకుంటూ పోయేవాడు. చివర్లో కుంచె తిప్పి పట్టుకుని, తలకట్లన్నీ టకటకా ఒకేసారి పెట్టేవాడు. నేనూ అలాగే నేర్చుకున్నాను. బడిలో నేర్చుకున్నవాళ్ళు మాటను మాటగా చూస్తారు. నాకు ఇప్పటికీ ముందు ఒళ్ళు కనిపిస్తుంది, తర్వాత తలకట్టు, ఆ తర్వాతే మాట.

రత్నమ్మ గారి వంటిల్లు

షెడ్డు మూతపడ్డాక ఇంట్లోనే చిన్న పనులు చేసుకునేవాణ్ణి. అప్పుడు వచ్చాడు రమేష్. ప్రొద్దుటూరులో వాళ్ళది బట్టల అంగడి.

"మామా, వంటింట్లో పుస్తకం నిలబెట్టే పీట కావల్ల" అన్నాడు.

"వంటింట్లో పుస్తకమేంది? చదువుకుంటా వండుతారా?"

"మా అమ్మ రాసిపెట్టిన పుస్తకం మామా. నైవేద్యాల వంటలు."

వాళ్ళమ్మ రత్నమ్మ. నలభై ఏళ్ళు ఆ ఇంటి శ్రావణ శుక్రవారాల నైవేద్యం ఒంటిచేత్తో చేసిన మనిషి. మడి కట్టుకుని వంటింట్లోకి పోయిందంటే కోడలిని గడప కూడా దాటనిచ్చేది కాదు. అంతకు ముందు వేసవిలో ఆమెకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది, రెండు మాటలకే అలసిపోతుంది. తనంతట తాను స్నానం చేసి మడి కట్టుకోలేదు కాబట్టి ఆ వేళకు వంటింట్లోకి రాలేదు. కోడలు సుజాతది జమ్మలమడుగు. అంగడి కంప్యూటర్ చూసుకునే పిల్ల. మామూలు వంట వచ్చు, ఈ వంట రాదు. రానిస్తే కదా వచ్చేది.

అన్నదమ్ముల ఇళ్ళన్నిటికీ కలిపి అమ్మవారి కలశం ఒకటే. అది పెద్దింట్లో, అంటే రత్నమ్మ ఇంట్లో ఉంటుంది. ఆమె తోడికోడలు శాంతమ్మ అప్పటికే అడుగుతోంది, వండే చెయ్యి లేనప్పుడు కలశం తన ఇంటికి పంపమని. రత్నమ్మ ఒప్పుకోలేదు. కోడలు వండుతుందని ఎడమ చేత్తో గుండె మీద కొట్టుకుని చూపించిందట.

"ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుందామంటే కళ్ళెర్రజేసింది మామా. మడిలో ఫోనేందని" అన్నాడు రమేష్.

"మరి పుస్తకం మాత్రం మడికి పనికొస్తాదా? పది మంది ముట్టుకున్న కాగితం."

"అదే చిక్కు. ముట్టుకోకుండా చదవల్ల."

ముట్టుకోకుండా చదివే పుస్తకం! అన్నేళ్ళ పనిలో అంత వింత కోరిక వినలేదు. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు, అదే ఆలోచన. పుస్తకాన్ని ముందే ఎవరో పెట్టాలి. దానికదే నిలబడాలి. పేజీ ముట్టుకోకుండా తిరగాలి. పీట మీద రోజూ నీళ్ళు పోసి కడగాలి. పచ్చి చెక్క నీళ్ళు తాగుతుంది, అందుకే రంగు. అందం కోసం కాదు.

మరుసటి రోజు పోయి వంటింటి గడప బయట ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. సుజాత మామూలు వంట చేస్తోంది. నేను చూస్తూ ఉన్నాను.

"ఏంది తాతా, అట్ల చూస్తాండావు? నాకు చెయ్యి ఆడడంలేదు" అంది.

"నీ చెయ్యి కాదమ్మా, నీ మెడ చూస్తాండా. యాడికి తిరుగుతాదో."

వంట చేసే మనిషి పుస్తకాన్ని కూర్చుని చదివినట్టు చదవదని అప్పుడే తెలిసింది. ఒక చూపు గిన్నెలోకి, ఒక చూపు కాగితం మీదికి. చూపు తిరిగొచ్చేసరికి చదివిన వరుస పోతుంది. అందుకని పీట పొయ్యికి కుడి పక్కన, కంటికి బెత్తెడు కిందగా ఉండాలి. వాలు మరీ నిటారుగా ఉంటే పేజీలు ముందుకు ఒరుగుతాయి, మరీ పడుకుంటే దీపం వెలుగు మెరిసి రాత కనబడదు. వెనక ఊతకాలును మూడు గాడుల్లో మార్చుకునేటట్టు పెట్టాను. పేజీ తిప్పడానికి రత్నమ్మే దారి చూపింది. దండెం మీది మడిబట్టను తీసుకునే కర్రను ఎడమ చేత్తో చూపించి "క...ర్ర" అంది. చెక్క కర్రతో మడిబట్ట తీసుకున్నప్పుడు పేజీ మాత్రం ఎందుకు తిప్పకూడదు? వెదురుతో చిన్న కర్ర చేసి కొనను తెడ్డు మాదిరి పలచగా చెక్కాను. కాగితం కిందికి దూరి పేజీని ఎత్తేది. సుజాత పది సార్లు తిప్పి పది సార్లు నవ్వింది.

పుస్తకాన్ని మాత్రం నాకు ఇవ్వలేదు. పొడవు, వెడల్పు, మందం పుల్లతో కొలుచుకున్నాను. ఇంట్లో అదే కొలతకు ఒక పలక కోసి, దాన్ని పీట మీద పెట్టి చూశాను. జారలేదు, ఊగలేదు. పలకకు చివరి వరుస ఉండదని నాకు తోచలేదు.

రంగు

చెక్క వేపది. పురుగు పట్టదు, పొయ్యి పక్కన వంకర పోదు. రంగుకు ఖాదర్ దగ్గరికి పోయాను. అప్పటికి వాడికీ లారీలు లేవు, ఇనప బీరువాలకు రంగు వేస్తున్నాడు.

"ఆచారీ, కోమట్ల వంటింట్లోకి నేను ఏసిన రంగు పోతాదా?" అని అడిగాడు.

నాకూ అనుమానమే. పోయి రత్నమ్మనే అడిగాను. అడగడం కొత్తగా అలవాటు చేసుకుంటున్నాను అప్పుడు. ఆమె ఎడమ చేత్తో చెంబు వంచినట్టు చూపించింది. నీళ్ళు పోస్తే సరి. "రం...గు బాగుం...డల్ల" అంది. అంత మాట చెప్పి అలిసిపోయి గోడకు ఆనుకుంది.

సుజాత చిలకపచ్చ కావాలంది. రత్నమ్మ గడపను చూపించింది. పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. నాకూ అదే సరి అనిపించింది. వంటింట్లో పసుపు మరక పడకుండా ఉండదు, పసుపు రంగు మీద పడితే కనిపించదు. ఖాదర్ మొదట ఒక ముక్కకు వేసి ఇచ్చాడు. దాని మీద మరిగే నీళ్ళు పోశాను. ఆవిరిలో పట్టాను. నూనె రుద్ది సబ్బుతో కడిగాను. మొదటి ముక్క బొబ్బలెక్కింది. అడుగున పూసే లప్పం ఆరకముందే రంగు వేశాడు వాడు. తిట్టాను, వాడూ తిట్టాడు. రెండో ముక్క నిలిచింది. పీటకు మూడు పూతలు పెట్టి, వెనక వైపు ఎవరూ అడగకపోయినా లారీ పలకల మీద వేసే తామర పూవు ఒకటి వేశాడు.

"వెనకాల ఎవరు చూస్తారు?" అన్నాను.

"గోడ చూస్తాది లే" అన్నాడు.

విరిగిన పాయసం

మొదటి శ్రావణ శుక్రవారం అయిపోయింది. శనివారం పొద్దున రమేష్ వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"పీట బాగుంది మామా. వంటే చెడింది."

నైవేద్యం వంటను ముందుగా రుచి చూడరు. ఉప్పు చూడరు, తీపి చూడరు, వాసన కూడా చూడరు. పుస్తకంలో ఎంత ఉంటే అంత. అందుకే ఆ పుస్తకం అంత ముఖ్యం. సుజాత అన్నీ పుస్తకం ప్రకారమే చేసింది. శనగపప్పు పాయసంలో పాలు పోయగానే విరిగిపోయాయి. విరిగిన పాలు అమ్మవారికి పనికిరావు. మళ్ళీ చేసే టైము లేదు. చుట్టాలంతా కూర్చుని ఉన్నారు. చివరికి పండ్లు పెట్టి పూజ ముగించారట. రత్నమ్మ ఆ పూట పలహారం ముట్టలేదట.

"వచ్చే శుక్రవారం వరలక్ష్మి వ్రతం. అది గూడా చెడితే కలశం చిన్నమ్మ ఇంటికి పోతాది. పెద్దోళ్ళంతా మాట అనుకునేసినారు" అన్నాడు.

నాకు సంబంధం లేని విషయమే. పీట బాగుందని అన్నాడు కదా. మా మేస్త్రి అయితే తలుపు వేసుకునేవాడు. నాకు మాత్రం ఒకటే పురుగు తొలిచింది. పుస్తకంలో ఉన్నట్టే చేస్తే పాలు ఎందుకు విరిగాయి? నలభై ఏళ్ళు విరగని పాలు?

"పద, చూద్దాం" అన్నాను.

టిక్కులు

ఇంట్లో శాంతమ్మ ఉంది. నడవలో రత్నమ్మ ఎదురుగా కూర్చుని నిమ్మళంగానే మాట్లాడుతోంది. చెడ్డ మనిషి కాదు ఆమె. పూజ సరిగా జరగాలని ఆమె పట్టుదల.

"అక్కా, నీ కోడలిది తప్పని నేనంటాండానా? ఆ పాపకు చేతగాదు, అంతే. కంప్యూటర్లో పాలు విరగవు కదా" అంటోంది.

సుజాత తల వంచుకుని వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆ రోజు మడి లేదు కాబట్టి కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాను.

"అమ్మా, నువ్వు నిన్న యాడ నిలబడినావో ఆడ్నే నిలబడి, ఎట్ల చదివినావో అట్ల చదువు" అన్నాను.

పుస్తకం పీట మీదే ఉంది. సుజాత గడగడా చదివింది.

"పప్పు మెత్తగా ఉడికినాక బెల్లమేసి కరిగించల్ల." ఎడమ పేజీ అక్కడికి అయిపోయింది. కుడి పేజీ పైన, "కాచిన పాలు పోసి కలపల్ల."

"అంతేనా?"

"అంతే తాతా. అంతే చేసినా. నా మీద ఒట్టు."

నేను చదువుతానన్నాను. నా చదువు ఆ పిల్ల చదువులా పరుగెత్తదు. వెదురు కర్ర తీసుకుని ఒక్కొక్క అక్షరం కింద పెట్టుకుంటూ, పె...ప్పు కాదు, ప...ప్పు అని వచ్చాను. బయట శాంతమ్మ "ఈయప్ప ముగించేసరికి దీపావళి వస్తాది" అనడం వినిపించింది. "కరిగించల్ల" దగ్గరికి వచ్చాక కర్ర ఇంకా కిందికి జారింది. అక్కడ, పుస్తకం జారకుండా నేను కింద కొట్టిన అడ్డపట్టీకి సరిగ్గా పైన, సన్నగా కొన్ని గీతలు కనిపించాయి. టిక్కులు పెట్టినట్టు వరుసగా ఉన్నాయి.

"ఇవేందమ్మా?"

"ఏవో గీతలు తాతా. మరకలనుకున్నా."

మరకలు అలా వరుసగా పడవు. అవి తలకట్లు. ఒళ్ళు లేని తలకట్లు. పట్టీ వెనక ఇంకో వరుస ఉంది.

"ఎత్తనా?" అని అడిగాను. ఆమె తల ఊపింది. పుస్తకాన్ని పట్టీ మీదికి ఎత్తాను. పాత రోజుల్లో కాగితం వృథా చేయకూడదని రత్నమ్మ అంచు దాకా రాసింది. చిట్టచివరి వరుస నేనే చదివాను, అక్షరం అక్షరంగా.

"కిం...దికి దిం...చి, బా...గా చల్లా...రనియ్యల్ల."

కాగే బెల్లంలో పాలు పోస్తే విరగక ఏం చేస్తాయి? చల్లారనివ్వాలన్న ఆ ఒక్క వరుసను నా అంగుళం పట్టీ మింగేసింది. మింగినట్టు కూడా తెలియలేదు. పై వరుసకు పక్క పేజీ మాట అతుకు కనపడకుండా కలిసిపోయింది. మడిలో ఉన్న పిల్ల పుస్తకాన్ని ముట్టుకుని ఎత్తి చూడలేదు. రుచి చూసి సర్దుకోలేదు. తప్పు దొరికే దారులన్నీ మూసి, తప్పును నేను లోపల పెట్టాను.

సుజాత ఆ వరుస కింద వేలు పెట్టి తనూ ఒకసారి చదువుకుంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు.

పీట చంకన, పుస్తకం చేతిలో పెట్టుకుని నడవలోకి వచ్చాను.

"శాంతమ్మా, తప్పు ఈ పాపది కాదు. నాది. ఈ చెక్క చూడు, ఒక వరుస కప్పేసింది."

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని పుస్తకం చూసింది, పీట చూసింది, నన్ను చూసింది.

"చదవను రాకపోయినా పుస్తకాల పీటలు చేస్తారా ఆచారీ?"

"వస్తాది. ఆలస్యంగా వచ్చింది."

"మా అక్క ఇంట్లో అమ్మవారు పస్తు పడుకున్యాక వచ్చిందా?"

రత్నమ్మ ఒక్కటే మూతి వంకరగా నవ్వింది. కోడలి వైపు చూసి నవ్వింది, నా వైపు కాదు.

"సరే. శుక్రవారం చూద్దాం. అమ్మవారికి సాకులు చెప్పలేం కదా" అని శాంతమ్మ లేచింది.

రెండు ఊళ్ళు

ఇంటికి పోయి పట్టీని ఊడబెరికాను. తర్వాత చేతులు ఆడలేదు. పట్టీ లేకపోతే పుస్తకం జారుతుంది. సన్న పట్టీ పెడితే సగం వరుస కప్పుతుంది. ఇంకో అనుమానం పట్టుకుంది. అదే అంగుళం పట్టీతో నేను ఇంతకు ముందు ఎన్నో పుస్తకాల పీటలు చేశాను. అక్షరాలు రాని రోజుల్లో చెయ్యి నేర్చుకున్న కొలత అది. కంటికి అక్షరాలు వచ్చినా చెయ్యి పాత కొలతే పెడుతూ వచ్చింది. ఆ పీటల మీద చదివేవాళ్ళు ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నట్టు?

ఆదివారం జమ్మలమడుగు పోయాను. అక్కడ పురాణం చెప్పే ఒక అయ్యవారికి ఎప్పుడో పీట చేసి ఇచ్చాను. పీట మీద పుస్తకం కింద కండువా మడత పెట్టి ఉంది.

"ఇదేంది సామీ?"

"పుస్తకం ఎత్తుగా ఉండల్ల కదప్పా. కింది వరుస కనపడదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వు చేసిచ్చిన దినం నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు మళ్ళా వచ్చి అడిగినావా?" అని ఆయన నన్నే తిరిగి అడిగాడు.

సోమవారం పులివెందుల. అక్కడ రిటైరైన టీచరమ్మ ఉంది. ఆమె ఇంట్లో నా పీటకు పట్టీ లేనే లేదు. రెండు మూలల్లో రెండు చిన్న చెక్క చీలలు ఉన్నాయి, పుస్తకం మూలలు వాటి మీద ఆనుకుని ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు. వరుసలన్నీ చివరిదాకా కనిపిస్తున్నాయి.

"పట్టీ యాడికి పోయిందమ్మా?"

"వారం రోజులకే పీకేసినా. పీట చక్కగా ఉండాది. చేసినాయప్పకు చదువు రాదేమోనని అప్పుడే అనుకున్నా" అంది. మళ్ళీ నొచ్చుకుని కాఫీ తాగి పొమ్మంది. తాగాను. చీలల కొలత తీసుకున్నాను. ఎంత వాలుకు ఎంత పొడుగు, మొన ఎటు తిరగాలి, అన్నీ అడిగాను. రెండు గంటలు అడిగాను. ఆమెకు విసుగొచ్చి ఉంటుంది, నాకు రాలేదు.

మంగళవారం చీలలు దిగ్గొట్టాను. ఊడదీసిన చోట చెక్క పచ్చిగా ఉంది, రంగు కావాలి.

"మూడు దినాలు ఆరల్ల" అన్నాడు ఖాదర్.

"గురువారం సాయంత్రానికి కావల్ల."

"శ్రావణం తడిలో యాడ ఆరుతాది? నువ్వు ఎండను తీసుకొని రా, నేను ఆరబెడతా."

రెండు రోజులు పీటను చంటిబిడ్డను తిప్పినట్టు ఎండ ఎటు ఉంటే అటు తిప్పాడు. గురువారం వేలు పెట్టి చూస్తే అంటుకోలేదు. ఈసారి పలక పెట్టి చూడలేదు. రత్నమ్మ ఇంటికి పోయి ఆ పుస్తకమే పెట్టి, మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పుతూ ప్రతి పేజీ కింది వరుస పైకి చదివాను. సుజాత పక్కన నిలబడి వింది. చదవడం ముగిసేసరికి పొద్దు గుంకింది. ఇంతకు ముందు పట్టీ వెనక ఉండిపోయిన వరుసలు ఇంకో నాలుగు వంటల్లో దొరికాయి. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా ఆమె "అయ్యో" అనేది.

వ్రతం

శుక్రవారం నన్ను రమ్మన్నారు. నడవలో రత్నమ్మ కుర్చీ పక్కన కూర్చున్నాను. చుట్టాలు కలశం ముందు కూర్చున్నారు. శాంతమ్మ ముందు వరుసలో ఉంది. వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఏం జరుగుతోందో కనిపించదు, చప్పుడు ఒక్కటే. గరిటె చప్పుడు. వెదురు కర్రతో కాగితం తిరిగిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"ఏంది, నిద్రపోయిందా?" అని ఎవరో గొణిగారు.

రత్నమ్మ ఎడమ చెయ్యి ఎత్తి ఆగమన్నట్టు చూపింది. అప్పుడు అర్థమైంది నాకు. బెల్లం చల్లారుతోంది. చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది లోపల ఆ పిల్ల. రుచి చూడటానికి లేదు, ముట్టుకోవడానికి లేదు. వరుస చెప్పినట్టు ఆగడం ఒక్కటే పని. నా పనిలో కూడా అంత కష్టమైంది ఇంకోటి లేదు.

తలుపు తెరుచుకుంది. తొమ్మిది గిన్నెలు వచ్చాయి. పాయసం గిన్నె దించేటప్పుడు అందరి మెడలూ అటే సాగాయి. ఎర్రగా, ఎక్కడా విరుగు లేకుండా మట్టసంగా ఉంది. గంట మోగింది. హారతి అయింది.

ప్రసాదాలు పంచారు. శాంతమ్మ అన్నీ పక్కన పెట్టి పాయసం గ్లాసే ముందు ఎత్తింది. తాగింది. కళ్ళు మూసుకుంది. నడవలో ఎవరూ ఏమీ తినడం లేదు, ఆమెనే చూస్తున్నారు. ఆమె గ్లాసు కింద పెట్టి, సుజాత వైపు జరిపింది.

"ఇంకో గరిటె పొయ్యి. బెల్లం ఒక పిసరు తగ్గింది. ఇప్పటి బెల్లంలో యాడుంది తీపి, మా అక్క రాసినప్పుడున్నట్టు?" అంది. ఆ తర్వాత కలశం వైపు చూసి, "వచ్చే ఏడు గుప్పెడు ఎక్కువెయ్యి" అంది.

వచ్చే ఏడు అన్న మాట అందరికీ వినబడింది. రమేష్ ఒక్కసారిగా లేచి మంచినీళ్ళు తెస్తానని లోపలికి పోయాడు. నీళ్ళు ఎవరూ అడగలేదు.

నేనూ తాగాను. బెల్లం నిజంగానే తగ్గింది. అదే చెప్పాను. చెప్పకుండా ఉండలేను నేను.

రత్నమ్మ కుర్చీలో కదిలింది. ఎడమ చేత్తో కోడలిని దగ్గరికి పిలిచింది. నోరు రెండు మూడు సార్లు తెరిచి మూసింది.

"రా...యి" అంది.

సుజాతకు అర్థం కాలేదు. "నేనా అత్తా? నీ పుస్తకంలోనా?"

రత్నమ్మ తల ఊపింది. ఆ పుస్తకంలో ఆమె రాత తప్ప ఇంకొకరి రాత అప్పటిదాకా లేదు. మడి విడిచాక సుజాత పుస్తకం, అంగడి నుంచి తెచ్చిన పెన్నూ పట్టుకుని అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. పాయసం పేజీలో కింద చోటు లేదు. ఆమె పేజీ పై అంచున, మొదటి వరుసకు కూడా పైన, చిన్న అక్షరాలతో రాసింది. రాసి నాకు చూపించింది. నేను వేలు పెట్టుకుని, నిదానంగా, అందరికీ వినబడేటట్టు చదివాను.

"బెల్లం ఇంకొక గుప్పెడు."